ఫోన్‌కి పది రివ్యూలు చూస్తాం, మరి పుస్తకానికి? హాబీలు, హిందూ ధర్మం, టెక్ చరిత్ర: కొనేముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే నిజామాబాద్ నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. మా చుట్టాల్లో ఎవరు ఫోన్ చేసినా నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే: "పదిహేను వేలల్ల ఏ ఫోన్ మంచిగున్నది?" అందుకే హలో అనకముందే నా నోట్లో రెండు మోడల్స్ పేర్లు రెడీగా ఉన్నాయి.

"ఫోన్ కాదురా," అన్నాడు బాబాయ్. "తమ్మునికి పుస్తకాలు కొనాలె. రెండున్నర వేలు పంపుత. నువ్వు ఫోన్లు సూసి చెప్తవ్ గద, గట్లనే మంచి పుస్తకాలు సూసి పంపియ్."

తమ్ముడంటే బాబాయ్ కొడుకు. ఇంటర్ అయిపోయింది, ఇంజనీరింగ్ క్లాసులు మొదలవడానికి రెండు నెలలు టైం ఉంది. ఏ టైపు పుస్తకాలు కావాలో వాడినే అడిగాను. మూడు చెప్పాడు. ఒకటి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఏదైనా తయారు చేయడం నేర్పేది. రెండు, ఫోన్లూ కంప్యూటర్లూ అసలు ఎలా వచ్చాయో మొదటి నుంచీ చెప్పేది. మూడోది చెప్పేముందు కాస్త ఆగాడు. "అన్నా, హిందూ ధర్మం గురించి ఏది నిజమో, ఏది వాట్సాప్ సరుకో తెలియాలె."

ఎందుకని అడిగితే అసలు సంగతి బయటపడింది. ఫ్యామిలీ గ్రూప్‌లో మా తాత ఒక మెసేజ్ ఫార్వర్డ్ చేశాడు. వేల ఏళ్ల కిందటే మన ఋషులు విమానాలు తయారు చేశారనీ, దాని మీద ఒక గ్రంథం కూడా ఉందనీ. కింద మావాడు రిప్లై పెట్టాడు: "తాతా, ఆ విమానానికి ఛార్జర్ టైప్-సీనా?" పక్కన మూడు నవ్వు ఎమోజీలు. తాత ఆ రోజే గ్రూప్‌లోంచి ఎగ్జిట్ అయ్యాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరికీ రెండు వారాలుగా మాటల్లేవు.

కాబట్టి ఇది మామూలు గిఫ్ట్ ఆర్డర్ కాదని అర్థమైంది. పైగా ఆ విమానాల గ్రంథంతో నాకూ ఒక పాత లెక్క ఉంది.

నేను స్టేజ్ మీద నిలబడ్డ రోజు

బీటెక్ సెకండ్ ఇయర్‌లో టెక్ ఫెస్ట్‌కి నేను "ప్రాచీన భారతంలో టెక్నాలజీ" అని ప్రెజెంటేషన్ ఇచ్చాను. మూడో స్లైడ్‌లో 'వైమానిక శాస్త్రం'. భరద్వాజ మహర్షి రాశాడని, అందులో విమానాల డ్రాయింగ్స్ కూడా ఉన్నాయని గొప్పగా చెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత వెనక బెంచీలో కూర్చున్న లెక్చరర్ మెల్లగా అడిగారు: "బాగుంది. ఆ పుస్తకం మొదట ఎవరి దగ్గర దొరికింది? ఎప్పుడు?"

నా దగ్గర సమాధానం లేదు. నేను ఆ పుస్తకం చూడనే లేదు, దాని గురించి రాసిన ఒక పుస్తకం చదివానంతే. అందులో ఈ వివరం లేదు. లేదన్న సంగతి కూడా నేను గమనించలేదు.

తర్వాత వెతికితే తెలిసింది. పండిత సుబ్బరాయ శాస్త్రి అనే ఆయన 20వ శతాబ్దం మొదట్లో చెబుతూ ఉంటే రాసుకున్న గ్రంథం అది. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి చెందిన ఐదుగురు పరిశోధకులు దాన్ని కూర్చుని పరిశీలించారు. భాష చూశారు, రాతప్రతుల చరిత్ర చూశారు, శకున, సుందర, రుక్మ, త్రిపుర అనే నాలుగు విమానాల డ్రాయింగ్స్‌ని ఏరోనాటిక్స్ లెక్కలతో పరీక్షించారు. అందులోని సంస్కృతం వేదకాలంది కాదని, గ్రంథం 1904 కంటే పాతది అయ్యే అవకాశం లేదని, ఆ డిజైన్లు ఎగరవని తేల్చారు.

నన్ను ఆ రోజు ఇబ్బంది పెట్టింది తప్పు చెప్పడం కాదు. "ఇది ఎలా తెలిసింది?" అనే ప్రశ్న నాకు ముందే రాకపోవడం. అప్పటి నుంచి ఏ పుస్తకం కొనాలన్నా నా మెయిన్ బెంచ్‌మార్క్ అదే. రాసినాయనకి ఈ విషయం ఎలా తెలిసింది? ఆ సంగతి నాకు చెబుతున్నాడా, దాస్తున్నాడా? మిగతా ఫిల్టర్లన్నీ దీని తర్వాతే.

ముందు బేసిక్ చెక్: అయిదు నిమిషాలు చాలు

ఫోన్ బాక్స్ మీద స్పెక్స్ ఉన్నట్టే పుస్తకానికీ స్పెక్స్ ఉంటాయి. ఆన్‌లైన్‌లో శాంపిల్ పేజీలు ఓపెన్ చేసి ఇవి చూడండి.

మొదటిది, టైటిల్ పేజీ వెనక ఉండే కాపీరైట్ పేజీ. మొదటి ముద్రణ ఏ సంవత్సరం, ఇది ఎన్నో ఎడిషన్ అన్నది అక్కడ ఉంటుంది. కవర్ కొత్తగా ఉంటే పుస్తకం కొత్తదని కాదు. ఉదాహరణకి, కిసరీ మోహన్ గంగూలీ మహాభారతం మొత్తాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించింది 1883 నుంచి 1896 మధ్య. దానికి ఇప్పుడు కాపీరైట్ లేదు, నెట్‌లో ఫ్రీగా, లీగల్‌గా దొరుకుతుంది. అదే టెక్స్ట్‌కి మెరిసే కవర్ వేసి కొత్త పుస్తకంలా అమ్మేవాళ్లూ ఉన్నారు. రీఫర్బిష్డ్ ఫోన్‌ని కొత్త బాక్స్‌లో పెట్టినట్టు. అనువాదం చెడ్డదేం కాదు, పూర్తిగా ఉంది. ఇంగ్లిష్ మాత్రం పాతకాలపుది. ఆ సంగతి తెలిసి తీసుకుంటే సమస్య లేదు.

రెండోది, రచయిత. పేరు సెర్చ్ చేస్తే ఆయన ఎక్కడ పనిచేశాడు, ఇంకేం రాశాడు అన్నది దొరకాలి. ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నాను. రెండేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఆర్డునో ప్రాజెక్టుల పుస్తకం ఒకటి కొన్నాను. రేటింగ్ 4.6. మొదటి అరవై పేజీలు "ఎలక్ట్రానిక్స్ మన జీవితాన్ని ఎలా మార్చింది" అనే ఉపన్యాసం. నాలుగో ప్రాజెక్టులో ఎల్ఈడీకి రెసిస్టర్ లేదు. ఆరో ప్రాజెక్టు కోడ్‌లో అసలు లేని ఫంక్షన్‌ని పిలిచారు, కంపైల్ కాలేదు. అప్పుడు రచయిత పేరు వెతికాను. రెండు నెలల్లో ముప్పై పుస్తకాలు: డైట్ మీద, క్రిప్టో మీద, కుక్కల ట్రైనింగ్ మీద! మనిషి రాసింది కాదని అప్పుడు వెలిగింది. ఇది ఏ ఒక్క స్టోర్ సమస్యా కాదు. ఏఐతో పుట్టించిన పుస్తకాలు అన్నిచోట్లా వరదలా వస్తున్నాయి. 2023 సెప్టెంబర్‌లో అమెజాన్ తన సెల్ఫ్ పబ్లిషింగ్‌లో రోజుకి మూడు పుస్తకాలకు మించి పెట్టకూడదని లిమిట్ పెట్టిందంటేనే పరిస్థితి ఊహించుకోవచ్చు.

మూడోది, చివరి పేజీలు. చరిత్ర, తత్వం లాంటి పుస్తకాల్లో ఆధారాల పట్టిక, పదసూచిక ఉన్నాయా? "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకి సమాధానం దొరికే చోటు అదే.

నాలుగోది, రివ్యూలు. ఐదు స్టార్లవీ ఒక స్టార్‌వీ వదిలేయండి. మూడు స్టార్లవి చదవండి. పుస్తకం నిజంగా చదివి, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అని చెప్పేది ఎక్కువగా వాళ్లే.

హాబీ పుస్తకం: చేతికి పని ఎన్నో పేజీలో వస్తుంది?

హాబీ పుస్తకానికి నా టెస్ట్ చాలా సింపుల్. చదివేవాడు పుస్తకం పక్కన పెట్టి లేచి ఏదైనా చేయాల్సిన సందర్భం ఎన్నో పేజీలో వస్తుంది? పదో పేజీలో వస్తే మంచి పుస్తకం. నూరో పేజీ దాకా రాకపోతే అది హాబీ గురించిన వ్యాసం, హాబీ నేర్పేది కాదు.

ఎలక్ట్రానిక్స్‌లో ఈ టెస్ట్ బాగా పాసయ్యేది చార్లెస్ ప్లాట్ రాసిన 'మేక్: ఎలక్ట్రానిక్స్'. 2009లో మొదటిసారి వచ్చింది, తర్వాత కొత్త ఎడిషన్లు వచ్చాయి. మొదటి ప్రయోగమే 9 వోల్టుల బ్యాటరీని నాలుకకి తాకించి కరెంట్ రుచి చూడటం. ముందు చేయించి, పార్టులు కాలిపోతే కాలనిచ్చి, ఆ తర్వాత అలా ఎందుకైందో థియరీ చెబుతుంది. (ఆ ప్రయోగం చిన్న 9 వోల్టుల బ్యాటరీతో మాత్రమే. ఫోన్‌లోని లిథియం బ్యాటరీతో ఇలాంటి ఆటలు అస్సలు వద్దు.)

ఇంకా పాతకాలపు రుచి కావాలంటే ఫారెస్ట్ మిమ్స్ 1983లో చేసిన 'గెటింగ్ స్టార్టెడ్ ఇన్ ఎలక్ట్రానిక్స్' చూడండి. 128 పేజీలే. అక్షరాలూ బొమ్మలూ అన్నీ ఆయన చేత్తో రాసి గీసినవే. మన సీనియర్ నోట్స్ జిరాక్స్ తీసుకున్నట్టు ఉంటుంది.

మరి అందరూ గొప్పగా చెప్పే 'ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్'? హోరోవిట్జ్, హిల్ రాసిన ఆ పుస్తకం 1980 నుంచి ఉంది, 2015లో వచ్చిన మూడో ఎడిషన్ వెయ్యి పేజీలు దాటుతుంది. అది నిజంగానే ఫ్లాగ్‌షిప్. కానీ మొదటి ఫోన్‌గా ఫ్లాగ్‌షిప్ కొనిస్తే ఏమవుతుందో మనకి తెలుసు: సగం ఫీచర్లు ముట్టుకోకుండానే ఉండిపోతాయి. బేసిక్స్ వచ్చాక కొనండి.

ఫొటోగ్రఫీ అయితే బ్రయాన్ పీటర్సన్ 'అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్' మంచి పుస్తకం. కాకపోతే ఒక మెలిక ఉంది. అది కెమెరా వాళ్ల కోసం రాసింది. ఎక్కువ ఫోన్లలో ఎపర్చర్ మార్చలేం, అది ఫిక్స్‌డ్. ఫోన్‌తో మీ చేతిలో ఉండేది షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ మాత్రమే. ఎపర్చర్ గురించిన భాగాలు అర్థం చేసుకోవడానికి చదవండి, మిగతావి ప్రో మోడ్‌లో ప్రాక్టీస్ చేయండి.

పక్షుల్ని చూడటం మొదలుపెట్టాలనుకుంటే సలీం అలీ 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' 1941 నుంచి తరాలకి కళ్లు తెరిపించింది. ఇప్పుడు మెర్లిన్ లాంటి యాప్ కూత విని పక్షి పేరు చెప్పేస్తుంది. అయినా పుస్తకం ఎందుకంటే, యాప్ పేరు చెబుతుంది, పుస్తకం చూడటం నేర్పుతుంది: ముక్కు ఎలా ఉంది, కంటి మీద గీత ఉందా, తోక ఎలా ఆడిస్తోంది. ఇక్కడ ఒకే ఒక రూల్. పుస్తకం మన ప్రాంతపు పక్షులదై ఉండాలి. యూరప్ పక్షుల పుస్తకం ఎంత అందంగా ఉన్నా మన చెరువుగట్టు మీద పనికిరాదు.

హిందూ ధర్మం పుస్తకం: మూలం ఏది, స్కిన్ ఏది?

ఈ సెక్షన్‌లోనే ఎక్కువమంది పొరబడతారు. నేనూ పడ్డాను. ఇక్కడ పుస్తకంలో మూడు పొరలు ఉంటాయి: మూలం, తాత్పర్యం, వ్యాఖ్యానం. మన భాషలో చెప్పాలంటే మూలం స్టాక్ ఆండ్రాయిడ్ లాంటిది. వ్యాఖ్యానం దాని మీద కంపెనీ వేసే స్కిన్. స్కిన్ తప్పేమీ కాదు, చాలాసార్లు అది ఉంటేనే వాడటం తేలిక. కానీ ఏది ఆండ్రాయిడ్‌దో, ఏది కంపెనీదో తెలియాలి కదా.

భగవద్గీతనే తీసుకోండి. 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. అవే శ్లోకాలకి శంకరాచార్యులు అద్వైతంగా, రామానుజాచార్యులు విశిష్టాద్వైతంగా, మధ్వాచార్యులు ద్వైతంగా భాష్యాలు చెప్పారు. ముగ్గురూ మహా పండితులే, ముగ్గురి దారులూ వేరు. ఇప్పుడు మార్కెట్‌లో "గీత ఏం చెబుతోందంటే" అని మొదలుపెట్టే పుస్తకం, అది ఎవరి దారిలో చెబుతోందో చెప్పకపోతే మీకు సగం సమాచారమే ఇస్తున్నట్టు. మంచి ఎడిషన్‌లో శ్లోకం ఒకచోట, ప్రతిపదార్థం ఒకచోట, తాత్పర్యం ఒకచోట, వ్యాఖ్యానం వేరుగా ఉంటాయి. 1923లో మొదలైన గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ తెలుగులోనూ గీత వేస్తోంది, ధర చాలా తక్కువ. మొదటి కొనుగోలుకి అది చాలు.

తర్వాత మీకు మీరే అడగాల్సింది: నాకు కావాల్సింది కథా, తత్వమా, ఆచారమా, చరిత్రా? నాలుగూ ఒకే పుస్తకంలో దొరకవు.

కథ కావాలంటే పురిపండా అప్పలస్వామి గారు వాడుక తెలుగులో రాసిన మహాభారతం చదివేయొచ్చు, ఎక్కడా తడుముకోనక్కర్లేదు. పద్యం రుచి కూడా కావాలంటే కవిత్రయ భారతం: 11వ శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టి, 13వ శతాబ్దంలో తిక్కన, 14లో ఎర్రన పూర్తి చేసింది. అర్థతాత్పర్యాలతో టీటీడీ వేసింది. అయితే అది వ్యాసభారతానికి మాటకి మాట అనువాదం కాదు, మన కవుల స్వతంత్ర రచన అని గుర్తుపెట్టుకోండి. "మహాభారతంలో ఇలా ఉంది" అని వాదించేముందు ఏ మహాభారతంలో అన్నది తేల్చుకోవాలి.

తత్వం కావాలంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ 'ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్'. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు, చిన్న పుస్తకం. ఇంకాస్త లోతుకి వెళ్లాలంటే హిరియణ్ణ 1932లో రాసిన 'అవుట్‌లైన్స్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ'. ఆచారం, గుడి, దర్శనం అంటే ఏమిటో తెలియాలంటే డయానా ఎక్ 'దర్శన్'. చరిత్ర క్రమం కావాలంటే గావిన్ ఫ్లడ్ 1996లో రాసిన 'యాన్ ఇంట్రడక్షన్ టు హిందూయిజం'. నా సలహా ఏంటంటే, లోపలి నుంచి నమ్మకంతో రాసినది ఒకటి, బయటి నుంచి పరిశోధకుడు రాసినది ఒకటి, జంటగా చదవండి. ఒకటే చదివితే మోనోలో పాట విన్నట్టుంటుంది.

"ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నని మతగ్రంథం విషయంలో అడగొచ్చా అని కొందరికి సందేహం. అడిగినవాళ్లు మన పండితులే! పూణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మహాభారతం మీద ఒక పని మొదలుపెట్టింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన 1,259 రాతప్రతుల్ని పక్కపక్కన పెట్టి, ఏ శ్లోకం ఎన్నింటిలో ఉంది, ఏది తర్వాత చేరింది అని పోల్చి చూశారు. పూర్తయ్యేసరికి 1966 అయింది. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడనే, మనందరికీ తెలిసిన కథ కూడా తర్వాత చేరినదని తేల్చి అనుబంధంలో పెట్టారు. దాన్ని పారేయలేదు, ఎక్కడుండాలో అక్కడ పెట్టారు. ఆ పాఠాన్నే బిబేక్ దేబ్రాయ్ పది సంపుటాల్లో ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. శ్రద్ధగా చూడటానికి, గౌరవించడానికి మధ్య గొడవేమీ లేదనడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు తెలియదు.

రెడ్ ఫ్లాగ్స్ కూడా చెప్పేస్తా. "నాసా ఒప్పుకుంది", "సైంటిస్టులు ఆశ్చర్యపోయారు" అని ఉండి, ఏ సైంటిస్టు, ఏ పేపర్, ఏ సంవత్సరం అన్నది లేకపోతే కొనొద్దు. అలాగే పుస్తకం మొత్తం వెటకారమే ఉండి, ఒక్క మూలగ్రంథం కూడా సరిగ్గా చదివిన జాడ లేకపోతే అదీ కొనొద్దు. రెండూ ఒకే ఫ్యాక్టరీ సరుకు.

టెక్ చరిత్ర: ఒక్క హీరో ఉంటే అనుమానించండి

మన సినిమాల్లో హీరో ఒక్కడే యాభై మందిని కొడతాడు. టెక్నాలజీ చరిత్రలో అలా జరగదు. పుస్తకంలో ఒకే మేధావి, ఒకే రాత్రి, ఒకే ఐడియా ఉంటే అది చరిత్ర కాదు, పోస్టర్.

ట్రాన్సిస్టర్‌నే చూడండి. 1947 డిసెంబర్‌లో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ దాన్ని పనిచేయించారు, షాక్లీ వాళ్ల గ్రూపు లీడర్. 1956లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. వాళ్ల వెనక కెమిస్టులు, మెటలర్జీ వాళ్లు, ఒక టెలిఫోన్ కంపెనీ డబ్బు, అవసరం ఉన్నాయి. ఆ మొత్తం చూపించేది జాన్ గెర్ట్‌నర్ 'ది ఐడియా ఫ్యాక్టరీ'. ఒక కంప్యూటర్ తయారవుతుంటే ఇంజనీర్ల నిద్రలు, పంతాలు ఎలా ఉంటాయో తెలియాలంటే ట్రేసీ కిడర్ 1981లో రాసిన 'ది సోల్ ఆఫ్ ఎ న్యూ మెషిన్'. పులిట్జర్ కూడా వచ్చింది. ఐఫోన్ వెనక ఎన్ని చేతులున్నాయో చెప్పేది బ్రయాన్ మర్చంట్ 'ది వన్ డివైస్'. ప్రాసెసర్ అసలు లోపల ఏం చేస్తుందో టార్చిలైట్, స్విచ్ దగ్గర మొదలుపెట్టి చెప్పేది చార్లెస్ పెట్జోల్డ్ 'కోడ్'. మన చిప్‌సెట్ చర్చలకి బ్యాక్‌గ్రౌండ్ కావాలంటే క్రిస్ మిల్లర్ 'చిప్ వార్' ఉంది.

ఇంకో టెస్ట్: పుస్తకం కొత్తగా కనిపెట్టినవాటి గురించే చెబుతుందా, జనం వాడుతున్నవాటి గురించి కూడా చెబుతుందా? డేవిడ్ ఎడ్జర్టన్ 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' మొత్తం ఈ పాయింట్ మీదే నడుస్తుంది. లాంచ్ ఈవెంట్‌ల వెంట పరిగెత్తే మాలాంటివాళ్లకి కాస్త చురక.

మన దేశం కథ కావాలా? ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ వి. రాజారామన్ 1955 నుంచి 2010 దాకా భారత్‌లో కంప్యూటింగ్ చరిత్ర రాశారు, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ దగ్గర బస్సు మారినవాళ్లు వేలమంది. 1967లో పెట్టిన ఆ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసిందని వాళ్లలో ఎంతమందికి తెలుసు? దినేశ్ శర్మ 'ది లాంగ్ రెవల్యూషన్' కూడా ఈ దారిలోదే.

తెలుగులో లేవా అంటే, ఉన్నాయి. మహీధర నళినీమోహన్ గారి 'టెలిఫోన్ కథ', 'టెలిగ్రాఫ్ కథ', 'క్యాలెండర్ కథ' ఎక్కడ కనిపించినా వదలొద్దు. కోఠి సెకండ్ హ్యాండ్ షాపుల్లో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, బుక్ ఫెయిర్‌లో వెతకండి. ఫోన్‌కి సెకండ్ హ్యాండ్ అంటే భయం కానీ పుస్తకానికి బ్యాటరీ హెల్త్ తగ్గదు.

రెండు సెక్షన్లు కలిసే చోట

తమ్ముడికి లిస్ట్ దాదాపు తయారైంది. కానీ తాత సంగతి నన్ను వదల్లేదు. వైమానిక శాస్త్రం నిజం కాదని తేల్చేస్తే తాతకి మిగిలేది ఏంటి? మనవడి ముందు ఓడిపోయానన్న బాధ. ఆయన అడిగింది నిజానికి విమానం గురించి కాదు. మనవాళ్లకి ఏదైనా వచ్చా, రాదా అని.

వచ్చు. దానికి ఆధారాలున్న పుస్తకం కూడా ఉంది. శారదా శ్రీనివాసన్, శ్రీనివాస రంగనాథన్ కలిసి రాసిన 'ఇండియాస్ లెజెండరీ ఊట్జ్ స్టీల్', 2004. ఇనుముని, కట్టెపేళ్ల లాంటి కర్బనం ఉన్న సరుకుతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి, నిదానంగా చల్లార్చేవారు. అలా వచ్చిన ఉక్కులో కార్బన్ దాదాపు 1.5 శాతం. డమాస్కస్ కత్తుల మీద కనిపించే అలల డిజైన్ ఈ ఉక్కుదే. 'ఊట్జ్' అన్న మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందని పండితులు చెబుతారు. ఇది తయారైన పేరున్న ఊళ్లలో ఒకటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. పర్షియా వ్యాపారులు అక్కడి దాకా వచ్చి కొనేవారు. హెన్రీ వాయ్సీ అనే ఆయన అక్కడి పద్ధతి చూసి రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. 1819లో లండన్‌లో ఈ భారతీయ ఉక్కు ముక్కల్ని పరీక్షించినవాడు మైకేల్ ఫారడే. పన్నెండేళ్ల తర్వాత ఆయనే విద్యుదయస్కాంత ప్రేరణ కనిపెట్టాడు. మీ వైర్‌లెస్ ఛార్జర్ పనిచేసేది ఆ సూత్రం మీదే.

ఇక్కడ ప్రతి వాక్యానికీ "ఎలా తెలిసింది?" అని అడగొచ్చు. చెప్పడానికి కత్తులున్నాయి, చూసి రాసినవాళ్ల కాగితాలున్నాయి, ల్యాబ్ ఫలితాలున్నాయి, పొలాల్లో చిట్టెం రాళ్లున్నాయి.

ఫైనల్ లిస్ట్

చివరికి పంపినవి: 'మేక్: ఎలక్ట్రానిక్స్', గీతా ప్రెస్ తెలుగు గీత, రాధాకృష్ణన్ చిన్న పుస్తకం, 'ది సోల్ ఆఫ్ ఎ న్యూ మెషిన్' సెకండ్ హ్యాండ్ కాపీ. రాజారామన్ పుస్తకం పీడీఎఫ్ వాడి ఫోన్‌కే పంపాను. ఊట్జ్ పుస్తకం నా కాపీ ఉంటే అదే పార్సిల్‌లో పెట్టి, కోనసముద్రం గురించి ఉన్నచోట ఒక చీటీ పెట్టాను. దాని మీద "ఇది తాతకి చదివి వినిపించు" అని రాశాను. తమ్ముడికి ఒక షరతు కూడా పెట్టాను: 1974 పరిశోధన గురించి తాతకి చెప్పాలి, కానీ ఎమోజీలు లేకుండా.

పది రోజులకి బాబాయ్ ఫోన్ చేశాడు. సోల్డరింగ్ వాసనకి పిన్ని తిడుతోందట. ఇంకోటి కూడా చెప్పాడు. కోనసముద్రం పేరు వినగానే తాత కళ్లద్దాలు తీసి, "మా మేనత్తను ఇచ్చిన ఊరు గద అది! చిన్నప్పుడు ఆ నల్లరాళ్లతోటి ఆడుకునేటోళ్లం" అన్నాడట. తమ్ముడు ఇక వదిలితేనా! రాళ్లు ఎలా ఉండేవి, ఎక్కడ ఉండేవి అని గంటసేపు అడిగాడట. వచ్చే ఆదివారం ఇద్దరూ బైక్ మీద పోతున్నారు.

"మరి విమానాల సంగతి?" అని అడిగాను.

"అదీ చెప్పిండు. ఏ సంవత్సరం రాసిన్రో, ఎవలు పరీక్ష చేసిన్రో అంత చెప్పిండు. మీ తాత నిమ్మళంగ విని, 'గిదేదో ఆ దినమే చెప్తే అయిపోవు గదరా, నవ్వుడెందుకు' అన్నడు."

తాత మళ్లీ గ్రూప్‌లో చేరాడు. నిన్న ఒక ఫార్వర్డ్ పెట్టాడు. కింద ఆయనే టైప్ చేసిన ఒక లైన్ ఉంది: "ఇది ఎక్కడిదో ఎవరికైనా తెలుసా?"